పదిహేడో కొక్కేనికి తగిలించిన సంచి

నేను ఒక గుడ్డసంచిని. మూతికి తాడు, అడుగున తోలుముక్క ఉన్న ప్రయాణపు సంచిని. కథను పుట్టుక దగ్గర మొదలుపెట్టడం పద్ధతి. కానీ నా మనసు ఎప్పుడూ ముందు ఆ పొద్దుటికే పోతుంది. ఆ పొద్దున సన్యాసమ్మ నన్ను మంచం మీద నోరు తెరిచి కూర్చోబెట్టి, తమ్ముడి కోసం సర్దింది.

అడుగున ఇస్త్రీ చేసిన నీలం చొక్కా ఒకటి పెట్టింది. "ఇది తిరిగొచ్చిన్రోజు తొడుక్కోడానికి. మద్దిలో తియ్యకు," అంది. దాని మీద బనియన్లు, మేజోళ్ళు, చోడిపిండి పొట్లం, పళ్ళపొడి. తర్వాత నా లోపలి జేబు వెతికి పట్టుకుని, అందులో రెండు జతల చేతి తొడుగులు దూర్చింది. అంతరిక్షంలో తొడుక్కునే సూటు చేతుల మీద, పైన వేసుకునేవి అవి.

"మందపువి సలికి. పలచనివి తీగలతో పని పడితే. ఏది వాడితే అది తియ్యి, రెండోది జేబులోనే ఉంచు. రెండూ ఒకపాలి తీసి ఎక్కడో పారీకు."

తమ్ముడు తవుడు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. ఇరవై మూడేళ్ళవాడు, పొడుగ్గా, భుజాలు ముందుకు వాలి ఉంటాడు. అక్కను అప్పా అని పిలుస్తాడు. "అప్పా, అందులో నన్ను కూడా పెట్టీసి తాడు బిగించీరాదేటి? నీకు బెంగుండదు."

"నోరు ముయ్యి. మేజోళ్ళు నాలుగు జతలేనా పెట్టినాను?"

అప్పటికి మూడుసార్లు లెక్క చూసింది. నాలుగోసారి తాడు విప్పి మళ్ళీ చూసింది. వాళ్ళిద్దరూ ఎక్కబోయేది ఒకే ఓడ, తమ్ముడు ఆమెకు ఇరవై అడుగుల దూరంలో పడుకోబోతున్నాడు. అయినా అంత భయం. మనుషులు సంచి సర్దడం నేను చాలా చూశాను. బట్టల మధ్య వాళ్ళు కుక్కేదంతా భయమే, కాకపోతే దానికి బరువుండదు కాబట్టి మోసేవాళ్ళకు తెలియదు.

ఇప్పుడు నా పుట్టుక సంగతి చెబుతాను. నేలకు చాలా దూరంలో తిరిగే ఏడో రేవు అనే ఊళ్ళో నన్ను కుట్టారు. ఊరంటే లోహపు గోడల ఊరు. ఉత్తరాంధ్ర తీరం నుంచి నాలుగు తరాల క్రితం వచ్చి స్థిరపడినవాళ్ళు అక్కడ అరల్లో వరీ చోళ్ళూ పండించుకుంటారు, సైన్యానికి మనుషుల్ని ఇస్తారు. గౌరమ్మ అనే ముసలి దర్జీ పాత డేరా గుడ్డతో నన్ను కుడుతూ, కళ్ళజోడు ఎక్కడో మరిచిపోయి, బయటికి రావలసిన జేబును లోపలికి కుట్టేసింది. విప్పి మళ్ళీ కుట్టే ఓపిక లేక, "దాసుకోడానికి పనికొస్తాదిలే," అని ఊరుకుంది. ఆ పొరపాటు మీద తర్వాత ఒకరి ప్రాణం ఆధారపడుతుందని ఆమెకేం తెలుసు.

మొదట నన్ను మోసినవాడు నూకరాజు, ఓడలో వంటవాడు. పదకొండేళ్ళు నా ఒంటికి చింతపండు వాసన పట్టించాడు. ప్రతిసారీ తిరిగివచ్చాడు. పని మానేసిన రోజున నన్ను దులిపి, "నువ్వు మంచిదానివే, నన్ను నాలుగు యుద్ధాల్నించి ఇంటికి తెచ్చినావు," అని సన్యాసమ్మకు ఇచ్చాడు. మనుషులు ఇలాంటి గొప్పలు సంచులకు కట్టబెడతారు. నేను ఎవరినీ ఎక్కడికీ తేలేదు. వాళ్ళే నన్ను తెచ్చారు. కానీ సన్యాసమ్మ ఆ మాట నమ్మింది. తానూ మూడు ప్రయాణాలు నన్ను మోసి, క్షేమంగా తిరిగివచ్చి, నాలుగోదానికి తమ్ముడు సైన్యంలో చేరితే నన్ను వాడి చేతిలో పెట్టింది. తనకు వేరే కొత్త సంచి తీసుకుంది. అదృష్టం తమ్ముడి వంతు కావాలని ఆమె ఆశ.

ఆ ఆశ వెనక ఒక కథ ఉంది. వాళ్ళమ్మకు సన్యాసమ్మ తర్వాత ముగ్గురు పిల్లలు పుట్టి పోయారు. నాలుగోసారి ఈ పిల్లవాడు పుట్టగానే చేటలో తవుడు పోసి, అందులో పడుకోబెట్టి, పక్కింటామెకు ఇచ్చేశారు. మళ్ళీ ఆమె దగ్గర చేటెడు తవుడికి కొనుక్కున్నారు. వీడు మా సొంత బిడ్డ కాడు, తవుడు పోసి తెచ్చుకున్నవాడు, విలువలేనివాడు అని మృత్యువుకు వినిపించడానికి ఆ తంతు. పేరు కూడా అదే పెట్టారు. ఆ రోజు చేట పట్టుకున్నది పదిహేనేళ్ళ సన్యాసమ్మ. తల్లి పోయాక పెంచిందీ ఆమే. మృత్యువును ఒకసారి మోసం చేసినవాళ్ళకు, అది మళ్ళీ వచ్చి అడుగుతుందన్న దిగులు పోదు.

ఓడ పేరు పాలకంకి. పేరు సుకుమారమే గానీ అది యుద్ధనౌక, ముప్పైనలుగురు మనుషులు. శత్రువుకు సైన్యం పెట్టిన పేరు అద్దెవాళ్ళు. వాళ్ళ ఆకారం ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు. ఆ పేరెందుకు పెట్టారో మామూలు సైనికులకు ఎవరూ చెప్పలేదు కూడా.

సన్యాసమ్మది గేటు డ్యూటీ. ఓడకు ముందు ఒక తలుపు, వెనక ఒక తలుపు. ఒక్కో తలుపు దగ్గరా గాలిగది ఉంటుంది. లోపలి తలుపు మూసి, గాలి తీసేసి, అప్పుడు బయటి తలుపు తెరుస్తారు. ఈ రెండు గాలిగదులకూ మధ్య కాపలాగది ఆమెది. బయటికి వెళ్ళేవాళ్ళు తమ సంచుల్ని ఆ గదిలో కొక్కేలకు తగిలించి వెళ్ళాలి. నాది పదిహేడో కొక్కెం. వెళ్ళినవాడు తిరిగివచ్చి తన చేత్తో తీసుకునేదాకా ఆ సంచిని ఎవరూ ముట్టరు. ఇది సైన్యం పెట్టిన నియమం కాదు, ఏడో రేవువాళ్ళ అలవాటు. ప్రయాణం వెళ్ళినవాడి వెనక ఇల్లు ఊడవరు చూడండి, అలాగే సంచి కదపరు. కదిపితే వెళ్ళినవాడికి తిరిగివచ్చే పని లేకుండా పోతుందని భయం.

సైన్యం పెట్టిన నియమం ఇంకొకటి. బయటికి వెళ్ళే ప్రతి మనిషినీ, హెల్మెట్ పెట్టుకోకముందే, రేడియోలో కాకుండా ఎదురుగా నిలబెట్టి "ఎక్కడికి?" అని అడగాలి. వాడు చెప్పింది గేటు పుస్తకంలో రాయాలి. తిరిగివచ్చి తలుపు తట్టినప్పుడు, "ఎక్కడికి వెళ్ళావు?" అని రేడియోలో మళ్ళీ అడగాలి. రెండు జవాబులూ ఒకటైతేనే తలుపు తియ్యాలి. ఎందుకో ఆజ్ఞలో రాయలేదు.

బయలుదేరేవాణ్ణి ఎక్కడికని అడగటం. సన్యాసమ్మ నోటికి ఆ మాట రాలేదు. ఆమె నోటికే కాదు, ఆ ఓడలో ఎవరి నోటికీ రాదు. "దూరమా?" అని అడిగేది. "దగ్గరే, ఎల్లొస్తాను," అని వాళ్ళు చెప్పేవాళ్ళు. పుస్తకంలో 'దగ్గర' అని రాసేది. పేజీలన్నీ అవే. దగ్గర, దగ్గర, దగ్గర, ఎక్కడో ఒక 'దూరం'.

ఒక మధ్యాహ్నం కెప్టెన్ జరీనా ఆ పుస్తకం తిరగేసింది. ఆమె వేరే రేవు నుంచి వచ్చిన మనిషి, సన్యాసమ్మ కంటే చిన్నది, మాటలు తక్కువ.

"ఇదేం పుస్తకం, సన్యాసమ్మా? ఓడ చుట్టూ ఇన్నిసార్లు తిరిగినవాళ్ళంతా దగ్గరికే వెళ్ళారా?"

"బయలెల్లేవోణ్ణి ఎక్కడికని అడగ్గూడదమ్మా. మంచిది కాదు."

"మంచీ చెడూ నాకు తెలియదు. అడగమని ఆజ్ఞ."

పక్కన సూటు తుడుచుకుంటున్న హవల్దారు ముత్యాలు తలెత్తాడు. ఓడలో ఆయనే అందరికంటే పెద్దవాడు, వేళాకోళం మనిషి. "అడిగితే అడగొచ్చమ్మా. కానీ అడిగించుకున్నోడు ఎనక్కొచ్చి, కుర్సీలో కూకోని, గలాసుడు మంచినీళ్ళు తాగి, అప్పుడెల్లాల. గాలిగదిలో కుర్సీ ఎక్కడుంది? ముందది ఏయించండి."

కెప్టెన్ నవ్వాపుకోలేకపోయింది. ఆ ఓడలో ఆమె నవ్వడం నేను అదొక్కసారే చూశాను. నవ్వి, పుస్తకం మూసి, "ఈసారి నుంచి సరిగ్గా రాయండి," అని వెళ్ళిపోయింది. వాళ్ళు రాయలేదు. ఆమె మళ్ళీ చూడలేదు.

ఆ నియమానికి కారణం ఆమెకు తెలుసు. అద్దెవాళ్ళు చంపిన మనిషి సూటులో దూరి వస్తారనీ, రేడియోలో ఏ గొంతు వింటే ఆ గొంతుతో మాట్లాడతారనీ, బయటి తలుపు ఒక్కటి తెరిస్తే చాలు, లోపలి తలుపు వాళ్ళకు అడ్డమే కాదనీ పై అధికారులు ఆమెకు చెప్పారు. గాలిగదిలో ముఖాముఖీ చెప్పిన మాట ఒక్కటే వాళ్ళు వినలేనిది. సైనికులకు చెబితే భయపడతారు, చెప్పవద్దు అన్నారు. భయం నష్టం చేస్తుందని అనుకున్నారు. సన్యాసమ్మ లాంటి మనిషికి ఆ భయం ఒక్కటి అందించి ఉంటే, ఏ శకునానికీ జంకకుండా అడిగి రాసేది.

మాఘమాసంలో మా సైన్యపు ఓడే ఒకటి కనిపించింది. పేరు గరికపోచ. పిలిస్తే పలకడం లేదు, లోపల మాత్రం దీపాలు వెలుగుతున్నాయి. దాని ముందుభాగంలో ప్రయాణపు రికార్డు పెట్టె ఉంటుంది, వెనక భాగంలో గడ్డకట్టే చలి ఉండే ఇంధనపు గది. రెండూ చూసి రమ్మని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. పాలకంకి దాని పక్కకు చేరి, తన ముందుభాగం దాని ముందుభాగానికీ, వెనక భాగం వెనక భాగానికీ ఎదురుగా ఉండేటట్టు నిలబడింది. ఇద్దరు చాలు, రేడియో వాడవద్దు అంది కెప్టెన్. ముత్యాలూ, తవుడూ తయారయ్యారు. ఎవరు ఎటు వెళ్ళేదీ వాళ్ళే తేల్చుకోమంది.

వాళ్ళు తేల్చుకున్నది కాపలాగది మూల, నా పక్కనే నిలబడి. సన్యాసమ్మ అప్పుడు గాలిగది మరలు తిప్పుతోంది.

"నా ఏళ్ళు లావైపోనాయిరా, సన్నతీగల పని నా వల్ల కాదు. రికార్డు పెట్టె నువ్వు చూడు. ఎనకాల ఇందనం గది నాను చూస్తాను," అన్నాడు ముత్యాలు.

తవుడు నా తాడు విప్పి, లోపలి జేబులోంచి పలచని తొడుగులు తీసుకున్నాడు. మందపువి జేబులోనే వదిలి, తాడు బిగించి, నన్ను కొక్కేనికి తగిలించాడు. వాడి వేళ్ళు నా మూతి మీద ఉన్నది ఎంతసేపో నాకు తెలుసు. రెండు క్షణాలు.

"దూరమా?" అంది సన్యాసమ్మ.

"దగ్గరే అప్పా. ఎల్లొస్తాను."

"బేగి రా."

ఇద్దరూ ముందు తలుపు నుంచే వెళ్ళారు. తాడు కట్టుకుని గరికపోచ మీదికి దాటారు. ఆమె పుస్తకంలో రెండు పేర్లూ రాసి, రెండిటి ఎదురుగా 'దగ్గర' అని రాసింది.

యాభై నిముషాలు ఏమీ జరగలేదు. ఆమె సూది గుచ్చుతూ మేజోడు బాగుచేస్తోంది. అంతలో పక్క ఓడ ఒక్కసారి వణికి, మెల్లగా ఒరిగింది. వాళ్ళు దాటిన తాడు తెగి కిటికీ ముందు పాములా తేలింది. గరికపోచ ఒరగడంతో దాని భోజనశాల కిటికీలు సరిగ్గా మా కిటికీకి ఎదురయ్యాయి. లోపల బల్లల చుట్టూ సైనికులు కూర్చున్నారు. గుండీలు పెట్టుకుని, బూట్లు తొడుక్కుని, భుజాలు నిటారుగా. ముందు ఆమె ఊపిరి పీల్చుకుంది, మనుషులు ఉన్నారని. ఓడ ఇంకొంచెం ఒరిగింది. వాళ్ళ వెనక ఉన్న దీపం వెలుతురు కాలర్ల లోంచి, చొక్కా చేతుల్లోంచి ఇవతలికి వచ్చింది. బట్టల్లో ఎవరూ లేరు.

నేను సంచిని. ఖాళీ అంటే ఏమిటో నాకు తెలుసు. ఖాళీగా ఉన్నప్పుడు నేను చతికిలపడతాను. ఆ బట్టలు చతికిలపడలేదు. ఏదో వాటిని నిలబెట్టి ఉంచింది. నా బతుకులో నాకు సాటి వస్తువును చూసి భయం వేయడం అదే మొదలు.

అప్పుడు తలుపు దీపం వెలిగింది. బయట ఎవరైనా తలుపు పిడి పట్టుకుంటే లోపల దీపం వెలుగుతుంది. ముందు తలుపు దీపం అది. ఆమె పరిగెత్తబోయింది. వెనక తలుపు దీపం కూడా వెలిగింది. తాడు తెగింది కాబట్టి ఎవరికి దగ్గరైన తలుపు వాళ్ళు పట్టుకున్నారని ఆమె అనుకుంది. రేడియో తీసింది.

"అప్పా, తలుపు తియ్యి."

"అప్పా, తలుపు తియ్యి."

రెండూ తవుడి గొంతులే. ఒకే స్పీకరులోంచి, ఒకదానిమీద ఒకటి పడి, అరశ్వాస తేడాతో వచ్చాయి.

కెప్టెన్ జరీనా సన్యాసమ్మ కేక విని వచ్చింది. రెండు దీపాలూ చూసి, గొంతులు విని, గోడకు ఆనుకుని నిలబడిపోయింది. తర్వాత దాచిన సంగతంతా నాలుగు ముక్కల్లో చెప్పింది. వాళ్ళిద్దరిలో ఒకరిని అద్దెవాళ్ళలో ఒకటి చంపింది. చచ్చినవాడు ముత్యాలు, ఎందుకంటే బతికున్నవాడు తన గొంతుతోనే మాట్లాడతాడు, వినబడేది తవుడి గొంతే. ఒక తలుపు దగ్గర తవుడు ఉన్నాడు. ఇంకో తలుపు దగ్గర ముత్యాలు సూటు ఉంది.

"ఎటు వెళ్ళాడు తవుడు? ముందుకా, వెనక్కా?"

సన్యాసమ్మ పుస్తకం తెరిచింది. ఆ పేజీ వంక చూసింది. 'దగ్గర'.

"నాను అడగనేదమ్మా," అంది.

వాడి సూటులో గాలి ఇంకా ముప్పై ఐదు నిముషాలకు వస్తుంది. కాపలాగది కిటికీలోంచి రెండు తలుపులూ కనబడవు. ఆమె మైకు పట్టుకుంది.

"ఒరే తవుడూ. నువ్వెటేపెల్లినావురా?"

"ముందుకప్పా," అంది ఒక గొంతు. "ఎనక్కప్పా," అంది రెండోది. ఏది ముందో చెవికి అందలేదు.

"అమ్మ నిన్నేటని పిలిసీది?"

"సేటలోడా అనీది," అన్నాయి రెండూ కలిసి, బళ్ళో పిల్లలు ఎక్కం చెప్పినట్టు. "అప్పా, సలేస్తంది. తియ్యి."

ఆమె ఏమడిగినా అంతే. వాడు చెప్పింది పెదవి దాటకముందే అది అందుకుంటోంది. మారిస్తే ఒక్క ముక్కే మారుస్తోంది. ఆమె అడగడం మానేసింది. అడిగిన ప్రతిదానికీ వాడి గాలి ఖర్చవుతోందని ఆమెకు తట్టింది.

"ఒక తలుపు తీద్దారమ్మా," అంది.

"ఏది?"

ఆమె రెండు దీపాల వంకా మార్చి మార్చి చూసింది.

"చెప్పండి, ఏదో ఒకటి చెప్పండి. తప్పితే లోపల ముప్పైఇద్దరం ఆ బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళలా అవుతాం. అయినా చెప్పండి. గట్టిగా తెలిసి చెబితే తీస్తాను." కెప్టెన్ గేటు పుస్తకం మీద అరచెయ్యి పెట్టింది. "ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది."

సన్యాసమ్మ గదిలో అటూ ఇటూ తిరిగింది. ముందు తలుపు వైపు పది అడుగులు, వెనక తలుపు వైపు పది అడుగులు. తిరుగుతూ తిరుగుతూ నా ముందు ఆగింది.

అప్పుడు నేను పడ్డ బాధ చెప్పడానికి నాకు ఇప్పటికీ మాట దొరకదు. వాడు ఎటు వెళ్ళాడో ఆ ఓడలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నా కడుపులో, తప్పుగా కుట్టిన జేబులో, మందపు తొడుగులు మడిచి ఉన్నాయి. వాటిని చూస్తే చాలు. చలిలో ఇంధనపు గదికి వెళ్ళినవాడు వాటిని వదిలి వెళ్ళడు. రెండు జతల సంగతి ఆ లోకంలో వాడికి తప్ప తెలిసినది ఆమెకే. ఒక ముడి విప్పితే చాలు.

ఆమెకూ తట్టింది. నాకు తెలుసు, ఎందుకంటే ఆమె చెయ్యి వచ్చి నా తాడు మీద పడింది. పడి అక్కడే ఆగిపోయింది.

వెళ్ళినవాడి సంచి. విప్పితే వాడు రాడు.

ఆమెను వెర్రిది అనుకోకండి. ఇరవైమూడేళ్ళ క్రితం చేటలో తవుడు పోసి మృత్యువును వెనక్కి పంపిన మనిషి ఆమె. అది పనిచేసింది, పిల్లవాడు బతికాడు. అలాంటివి పనిచేస్తాయని ఆమెకు చూపించి నమ్మించింది వాడి బతుకే. ఇప్పుడు అదే చేత్తో వాడి సంచి విప్పడమంటే వాడి మీద ఆశ వదులుకోవడమే ఆమె లెక్కలో. వేళ్ళు ముడి మీద పెట్టుకుని, పెదవులు కదిలిస్తూ, ఎవరెవరికో మొక్కుకుంటూ నిలబడింది. గడియారం నా ఎదురు గోడకే ఉంది. పదమూడు నిముషాలు అలాగే గడిచాయి.

స్పీకరులో రెండు గొంతులూ కలిసి ఏదో పాత ఆటపాట సణుగుతున్నాయి. చిన్నప్పుడు ఆమె వాడికి నేర్పినది. మధ్యలో ఒక గొంతు ఆగిపోయింది. రెండోది ఆగలేదు. పాట పూర్తిచేసి, "అప్పా, తియ్యి," అంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకోవడం లేదు.

రెండు దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి. బిగుసుకున్న చెయ్యి కూడా పిడి వదలదు.

అప్పుడామె ముడి విప్పింది. పైబట్టలు నేల మీద పడేసి, జేబులో చెయ్యి పెట్టి, మందపు తొడుగులు బయటికి తీసింది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ముందు తలుపు," అంది. "పలచనివి ఏసుకెల్లినాడు. తీగల పనికి. ముందుకే ఎల్లినాడు."

"గొంతు ఆగి ఎంతసేపైంది?"

"ఇప్పుడే. గాలి ఇంకా ఉండాల. సలికి సొమ్మసిల్లిపోయుంటాడు. నాను తెస్తాను." అప్పటికే సూటు కాళ్ళలోకి దూరుతోంది.

కెప్టెన్ ఆమె భుజం పట్టుకుంది. "తలుపు తీస్తే అది వెనక నుంచి ముందుకు వస్తుంది. మిమ్మల్ని బయటికి పంపి వెంటనే మూసేస్తాను. మళ్ళీ తీయాలంటే..."

"తెలుసమ్మా. అడగండి."

కెప్టెన్ గేటు పుస్తకం అందుకుంది. ఎదురుగా నిలబడి, ముఖంలో ముఖం పెట్టి, ఆ ఓడలో ఎవరూ ఎవర్నీ అడగని మాట అడిగింది. "ఎక్కడికి, సన్యాసమ్మా?"

సన్యాసమ్మ కళ్ళు మూసుకుంది. తర్వాత బళ్ళో పిల్లలా విడివిడిగా చెప్పింది. "ముందు తలుపు బయటికి. పిడి పట్టుకున్న మా తమ్ముడు తవుడి దగ్గరికి. అమ్మ సేటలో పడుకోబెట్టినోడి దగ్గరికి. రాసినారా?"

"రాశాను."

"కుర్సీ నేదు గానీ, గలాసుడు మంచినీళ్ళియ్యండి."

కెప్టెన్ తానే తెచ్చి ఇచ్చింది. ఆమె తాగి, గ్లాసు నా పక్కన పెట్టి, హెల్మెట్ తగిలించుకుని వెళ్ళింది. తలుపు తెరుచుకుని మూసుకుంది.

రేడియోలో ఆమె ఊపిరి వినబడింది. "ఉన్నాడమ్మా. ఇక్కడే ఉన్నాడు. ఒరే, దగ్గరే ఉన్నానురా, వచ్చీసినాను. సెయ్యి వదులు. వదల్రా నాయినా." తర్వాత ఏదో గీసుకున్న చప్పుడు. వెనక తలుపు దీపం ఆరిపోయింది. కెప్టెన్ మైకులో ఆమె పేరు పెట్టి అరిచింది. రెండు నిముషాలు ఏ చప్పుడూ లేదు.

ముందు తలుపు తట్టిన చప్పుడు అయింది.

"తలుపు తియ్యండమ్మా. మా తమ్ముణ్ణి తెచ్చినాను." సన్యాసమ్మ గొంతు. ఆమె యాసే, ఆమె ఆయాసమే.

గదిలో అప్పటికి పదిమందికి పైగా చేరారు. ఒకడు తలుపు మర మీద చెయ్యి వేశాడు. కెప్టెన్ ఆ చెయ్యి తీసేసి, పుస్తకం తెరిచి పట్టుకుని మైకు ముందు నిలబడింది.

"ఎక్కడికి వెళ్ళారు, సన్యాసమ్మా?"

"దగ్గరే."

"నాకు చెప్పిన మాట చెప్పండి. మొత్తం చెప్పండి."

"దగ్గరేనమ్మా. వచ్చీసినాను. తియ్యండి."

కెప్టెన్ మూడోసారి అడిగింది. నాలుగోసారి, ఐదోసారి అడిగింది. అప్పుడు ఆమె కెప్టెన్‌లా అడగడం లేదు, బతిమాలుతోంది. పుస్తకంలో రాసిన ముక్క ఒక్కటి, సేట అన్న ఒక్క మాట, తలుపు అవతలి నుంచి రావాలని ఆ గదిలో ప్రతి ఒక్కరూ ఎదురుచూశారు. గొంతు మాత్రం "దగ్గరే, దగ్గరే" అంటూ ఉంది. ఎంతో ఓపికగా, ఎంతో ప్రేమగా.

కెప్టెన్ పుస్తకం మూసి, ఓడ కదిలించమంది. ఓడ కదిలాక కూడా తలుపు దీపం చాలాసేపు వెలిగింది.

నేల మీద పడ్డ బట్టల్ని కెప్టెనే ఏరి, మడిచి, నాలో పెట్టింది. అడుగున ఉన్న నీలం చొక్కా ఇస్త్రీ మడత చెదరలేదు. మందపు తొడుగుల్ని జేబులోకి తోసింది. ఆ జేబు ఎక్కడుందో వెతుక్కోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

ఇప్పుడు నేను ఏడో రేవులో, సైనికుల వస్తువులు పెట్టిన గదిలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. నా పక్కన గేటు పుస్తకం చివరి పేజీ తెరిచి పెట్టారు. నా కింద చీటీ మీద 'ప్రయాణపు సంచి, డేరా గుడ్డ' అని మాత్రం రాసి ఉంది. బడిపిల్లలు వచ్చి చూసి, ఏమీ లేదనుకుని తుపాకుల వైపు పోతారు. కెప్టెన్ జరీనా ఏడాదికి ఒకసారి వస్తుంది. జుట్టు నెరిసింది. పెట్టె ముందు నిలబడి పుస్తకం చదువుకుని పోతుంది.

ఆ రేవులో అలవాటు మారింది. ఈ గది కిటికీలోంచి ఓడలెక్కే చోటు కనబడుతుంది. బయలుదేరేవాళ్ళను తల్లులూ అప్పలూ పెళ్ళాలూ రెండు చేతులా పట్టుకుని, "ఎక్కడికి?" అని అడుగుతారు. ఊరికే దగ్గరే అంటే వదలరు. ఊరు పేరూ, ఓడ పేరూ, తలుపు పేరూ చెప్పించుకుని, గ్లాసుడు నీళ్ళు తాగించి పంపుతారు. అలా అడిగేటప్పుడు వాళ్ళ ముఖాలు చూస్తే, శకునం భయం వాళ్ళకేమీ పోలేదని తెలుస్తుంది. భయపడుతూనే అడుగుతారు.

యుద్ధం పదకొండో ఏట, మాఘ బహుళ ఏకాదశి, మంగళవారం, పగలు రెండు గంటల ఇరవై నిముషాలకు పాలకంకి గరికపోచను వదిలి బయలుదేరింది. ముప్పైఒక్కరు తిరిగివచ్చారు. హవల్దారు ముత్యాలు తిరిగి రాలేదు. తవుడు తిరిగి రాలేదు. సన్యాసమ్మ తిరిగి రాలేదు.